పేరు రాయాల్సిన గడి

నీళ్ళ శాఖ వాళ్ళిచ్చిన కాగితంలో
మూడో గడి: వాగు పేరు.
నిన్న పొద్దున్నుంచీ అదొక్కటే ఖాళీ.

వాగు ఏమంత పెద్దది కాదు.
గొర్రె ఒక్క దూకుతో దాటేస్తుంది,
గొర్రెపిల్ల కాస్త ఆలోచిస్తుంది.
కాకసస్ మంచు కరిగే జూన్‌లో మాత్రం
ఎవరో అర్ధరాత్రి అటక మీద సామాను సర్దుతున్నట్టు
రాళ్ళు దొర్లే చప్పుడు.

మంద తోలుకొస్తున్న ఇమెదాని అడిగాను.
"పైన నల్లబండ కింద పుట్టేచోట
పళ్ళజివ్వు అంటాం. తాగి చూడు."
తాగాను.
రెండు నిమిషాలు నా దవడ నాది కాదు.

కొంచెం దిగితే, బిర్చ్ చెట్ల నడుమ,
అదే నీరు తెల్లావు మడుగు.
జారిపడిన ఆవు పోయి నలభై ఏళ్ళు.
ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ
అక్కడ బిందె ముంచరు.

మర దగ్గర మ్జెకాలా
రాయిని వెల్లకిలా తిప్పి కక్కు కొడుతోంది.
ఉలి ఆపకుండానే చెప్పింది:
"ఇక్కడ దీనికి రోజుకో పేరు.
సోమవారం బగాతూర్ వాళ్ళ నీళ్ళు,
మంగళవారం సాందువా వాళ్ళవి,
గురు శుక్రవారాలు మావి,
శనివారం పై వాడ వాళ్ళవి."
"ఆదివారం?"
"ఎవరివీ కావు. ఊరికే పారతాయి."

నాలుగడుగులు వేశాక గుర్తొచ్చి
వెనక్కొచ్చాను.
బుధవారం చెప్పలేదు.

ఉలి ఆగింది.
కళ్ళలో పడిన రాతిపొడి
మోచేత్తో తుడుచుకుంది.
"బుధవారం వాళ్ళ ఇంటి మీద
మంచు విరిగిపడింది, నా పెళ్ళయిన ఏడు.
ఆ రోజు పలక దించేస్తాం.
నీళ్ళు పక్క కాలవలో పోతాయి.
ఆ వంతు ఎవరం పంచుకోలేదు."

"ఒక్కరోజులో పిండి తెమలని ఏళ్ళలో కూడా?"

"ఆ ఏళ్ళలో కూడా.
సగం ఆడిన జొన్న తిన్నాం, గుర్తుంది.
పిల్లలు ఉమ్మేసేవాళ్ళు."

అప్పుడు చూశాను:
చక్రం కదలడం లేదు.
దాని రెక్క మీద తోకపిట్ట ఒకటి
తీరిగ్గా ఒళ్ళు దులుపుకుంటోంది.

ఊరి కింద, అరగ్విలో కలిసేచోట
తెల్లనీరు, బూడిదనీరు
పక్కపక్కనే పది బారలు నడుస్తాయి.
తర్వాత వెతికినా దొరకదు.
అక్కడి జాలరిని అడిగితే
"ఏ వాగు?" అన్నాడు.

గడి అంగుళం కూడా లేదు.
పట్నంలో దీనికొక అంకె వేస్తారు, వేసుకోనీ.
నేను గీత కొట్టి వదిలేసి,
అడుగున రిమార్కుల దగ్గర,
పెన్సిల్ చెమ్మకి మెత్తబడి ఉన్నా
గట్టిగా నొక్కి రాశాను:

మర దగ్గర ప్రవాహం కొలవాలంటే
బుధవారం రావద్దు.