తప్పొప్పుల పట్టిక

ఆరున్నరకి చినవాల్తేరు మెట్ట మీద మొదలు.
పోలారావు ఉతికిన లుంగీ మీద
మేనల్లుడి టీషర్టు వేసుకొచ్చాడు,
దాని మీద ఏదో విశ్వవిద్యాలయం పేరు.
"పబ్బులోకి లుంగీని రానివ్వరేమో" అన్నాను.
"రానీకపోతే లుంగీ బయట నిలబడతాది,
నాను లోపలికెల్తాను" అన్నాడు.

మొదటిది పాత బారు.
పేరులో దుర్గ, గోడ మీద దుర్గ,
ఆవిడ పాదాల దగ్గర ఎర్ర బల్బు, కింద ఉడికించిన శనగలు.
ముప్పై నాలుగేళ్లు పేపరాఫీసులో ప్రూఫులు దిద్దినవాణ్ణి,
మెనూ కార్డు పట్టుకుంటే ఆకలి చచ్చిపోతుంది.
కోడిగుడ్డుకి వత్తు ఎగిరిపోయింది.
వేపుడు వేవుడైంది.
ఎర్ర పెన్ను తీశాను.
సర్వరు గవరయ్య ఎప్పట్లాగే కార్డు లాక్కున్నాడు.
"వచ్చే నెల మూసెత్తన్నారు బాబూ,
ఇంకేటి దిద్దుతారు, వదిలీండి."
వదిలేశాను,
ఒక్క వత్తు తప్ప.

రెండోది మూడో అంతస్తు.
మా ఆవిడ రవికలు కుట్టించుకున్న కొట్టు
ఈ లిఫ్టు గుంటలోనే ఎక్కడో ఉండాలి.
బీరు ఇక్కడే కాస్తారట. రాగి పీపాలు, గొట్టాలు, గడియారాలు.
ట్రాలర్ ఇంజనుకి ఆనించినట్టు
పీపాకి చెవి ఆనించాడు పోలారావు.
"మిస్సింగు కొడతాంది" అన్నాడు.
నర్సీపట్నం పిల్ల ఒకతి మామిడి వాసనొచ్చే బీరు తెచ్చింది.
గుక్క తాగి అడిగాడు:
"పాపా, ఇది జొరమొచ్చినోలకిచ్చీదా?"
ఆ పిల్ల ట్రే అడ్డం పెట్టుకుని నవ్వింది.
బిల్లు చూసి లెక్క చెప్పాడు:
తన మొదటి వేట వాటా మొత్తం పెడితే
ఈ గ్లాసులో నురగ దాకా వస్తుందట.

కిందికి నడక.
బోర్డులన్నీ ఇంగ్లీషులో, వంకర్లు తిరిగిన దీపాలతో.
నా పెన్నుకి పనిలేదు.
సగం కూల్చిన మేడ ప్రహరీ మీద మాత్రం
ఇచ్చట మూత్రము పోయరాదు
అని తెలుగులో,
ఒక్క తప్పు లేదు.
కాసేపు నిలబడి చదువుకున్నాను.
పోలారావు అక్కడే పోశాడు.

మూడోది జలారిపేట వెనక, ఒకప్పుడు వలలు ఆరేసిన దిబ్బ.
తలుపు దగ్గర నల్లచొక్కా కుర్రాడు, చెవిలో వైరు.
"తాతా, లుంగీ..." అని ఆగి,
"మావా?" అన్నాడు.
గనగళ్ల తెడ్డయ్య మనవడు ఎల్లాజీ.
"మీ మామ్మ ఉప్పుచేప ఆరేసింది ఇక్కడే కదరా."
"ఆ డీజే ఉన్నకాడ."
పార్కింగు చూపించినట్టు చెయ్యి చూపించి
తలుపు తీసి పట్టుకున్నాడు.
నెలకి పద్దెనిమిది వేలట.
వేటకెళ్తే అంత రాదు. ఒక్కోసారి వస్తుంది.

లోపల పాట పక్కటెముకల్ని తడుతోంది.
పోలారావు ఏదో చెబుతున్నాడు.
పెదాలు కదులుతున్నాయి, ఊదారంగు, పచ్చరంగు, మళ్లీ ఊదా.
ఒకచోట వేళ్లు మడిచాడు.
ఒకచోట టీషర్టు ఎత్తి ముఖం తుడుచుకున్నాడు.
అరగంట.
నేను తలూపుతూనే ఉన్నాను.
బయటికొచ్చాక అడిగాను, ఏమిటిరా అదంతా అని.
"తమ్ముడి సంగతి" అన్నాడు.
తుపాను ఏడు వేటకెళ్లిన తమ్ముడు.
ఇన్నేళ్లలో ఆ పేరెత్తగా నేను వినలేదు.
ఇవాళా వినలేదు.

"మళ్లీ చెప్పు."
"సెప్పీసేను కదా."

నాలుగోదానికి డబ్బుల్లేవు.
ఇసకలో కూచున్నాం, రెండు గోలీ సోడాలు,
ఒక పొట్లం వేయించిన నెత్తళ్లు.
వెనక కొండ మీద కొత్త మేడలు,
ముందర ఔటర్లో లంగరేసిన ఓడల దీపాలు,
ఇంకా ఎవరూ పేరు మార్చని వీధిలా.
పదకొండు, అన్నాడు పోలారావు.
నాకు తొమ్మిదే కనిపించాయి.
ఎవరికి ఎక్కువైందో తేలాలంటే
తెల్లారాలి.