పై పొర

వార్డో గ్రంథాలయంలో కంప్యూటర్లు ఆరు.
రాత్రి ఎనిమిదికి తాళం వేసేముందు ఆరింటినీ ఆర్పుతాను.
పొద్దున వెలిగించేసరికి
నిన్న తమ ముందు ఎవరు కూర్చున్నారో
ఒక్కదానికీ గుర్తుండదు.

అలా కట్టింది నేనే.
కింద ఒక పొర, చదువుకోవడానికే, రాయడానికి కాదు.
పైన ఇంకొకటి, పలచటిది,
ర్యామ్‌లో తేలుతూ కరెంటున్నంతసేపే బతికేది.
పక్కన ఒక ఖాళీ డైరెక్టరీ,
అందులో మనం ఏమీ దాచకూడదు, అది లేకపోతే పనీ జరగదు,
చర్చి కమిటీలో ఎప్పుడూ నోరు విప్పని
హిల్‌బోర్గ్ లాంటిది.
అన్నీ కలిపి ఒక్క మౌంట్ ఆజ్ఞ.
చూసేవాళ్ళకు ఒకటే చెట్టు కనిపిస్తుంది.
చెట్టు అనేది మా వృత్తివాళ్ళ మాట.
చెట్లు నిలవని ఈ దీవిలో
నేను ఇల్లు అనుకుంటాను.

నవంబరులో సూర్యుడు వెళ్ళిపోయిన వారం
ఐలిఫ్ నా బల్ల దగ్గరికొచ్చాడు,
తడి చేతితొడుగులు నా రిజిస్టరు మీదే పెట్టి:
"నీ మూడో కంప్యూటరు మాట వినదు.
రోజూ తుడుస్తాను. పొద్దునకి మళ్ళీ ఉంటుంది."
ఏది, అన్నాను.
"ఫొటో."

ఊరి పాత ఫొటోలన్నీ కింది పొరలోకి ఎక్కించింది నేనే.
చేపలెండే కొయ్యలు, మంచులో కూరుకుపోయిన పోస్టాఫీసు,
అరవై తొమ్మిదిలో రేవు వదిలేముందు
హావ్‌బ్రిస్ పడవ మీద అయిదుగురు,
నవ్వుతూ, ఒకడు కదిలాడేమో ముఖం అలుక్కుపోయింది.
పడవ తిరిగి రాలేదని అందరికీ తెలుసు.
పంటినొప్పని ఆ రోజు ఒడ్డున ఆగిన ఆరోవాడెవరో కూడా.
నేనప్పటికి పుట్టలేదు.
అయినా తెలుసు.

ఆ రాత్రి మూడోదాన్ని ఆర్పలేదు.
పై పొరను విడిగా తెరిచాను.
సగం ఆడిన చదరంగం, వాతావరణ సూచన,
ఇంకా ఆ ఫొటో పేరుతో ఒకటి.
ఫొటో కాదు.
సున్నా కామా సున్నా అని అంకెలున్న
ఉత్తుత్తి పరికరం, ఏ తీగా తగలనిది.
ఇక్కడ తుడవడమంటే ఇంతే,
కింద ఉన్నదాన్ని ముట్టుకునే వీల్లేదు గనక
అదే పేరుతో పైన ఒక లేమిని నిలబెట్టడం.
దానికీ ఒక చోటు కావాలి. ఒక తేదీ, ఒక సమయం.
పది గంటల నాలుగు నిమిషాలు.
నేను తలుపు తెరిచేది పదింటికి.

మర్నాడు కాగితం మీద గీసి చెప్పబోయాను.
"సముద్రపటం మీద పలచని కాగితం పరిచి
దారి గీసుకునేవాళ్ళం," అన్నాడు, "అలాగా?"
అలాగే.
"కావాలంటే పటాన్నే మారుస్తాను.
ఇమేజి మళ్ళీ కట్టాలి. ఒక సాయంత్రం పని.
ఇక ఎప్పటికీ రాదు."

చేతితొడుగులు తీసుకున్నాడు. మళ్ళీ పెట్టాడు.
"కింద ఉన్నది అందరిదీ కదా. వద్దు."
తలుపు దాకా వెళ్ళి తిరిగాడు:
"రోజూ తుడవనిస్తుందిగా?"

సూర్యుడు తిరిగొచ్చిన రోజు
కోటలో ఫిరంగి పేల్చారు, బడికి సెలవిచ్చారు,
పిల్లలు అయిదు కంప్యూటర్లూ ఆక్రమించి గోల గోల.
మూడోదాని ముందు ఐలిఫ్.
సాయంత్రం చూస్తే పై పొరలో లేమి లేదు.
ఫొటోల వివరాలున్న ఫైలు ఉంది, మొత్తం.
ఒక్క అక్షరం దిద్దినా సరే
పుస్తకమంతా పైకి మోసుకొస్తుందీ వ్యవస్థ.
ఏది మారిందో వెతికితే ఒకటే వరుస.
హావ్‌బ్రిస్ కింద, "తీసినవారు: తెలియదు" అని
నేను టైపు చేసినచోట
"తీసినవారు: ఐలిఫ్."

ఎనిమిదయింది. ఆర్పితే పోతుంది.
కోటు విప్పి కూర్చున్నాను.
ఒక సాయంత్రం పని అన్నాను గానీ
తెల్లవారుజాము రెండయింది.

మర్నాడు పదీ నాలుగుకి మళ్ళీ తుడిచాడు,
ఫొటోను.
వివరాల ఫైలు జోలికి పోలేదు.