గొడ్డలి బేరం

కూమోలో, సరస్సు మీది మంచు పూర్తిగా విరిగిన
మరుసటి శనివారం,
చర్చి వెనక మైదానంలో సంత.
రబ్బరు బూట్లు, చిక్కుపడ్డ వలలు, పొగబెట్టిన చేపలు,
ఎవరి వంటింట్లోంచో వచ్చిన కాఫీ కెటిళ్లు.
నాక్కావలసింది ఒక చేగొడ్డలి.
జూన్‌లో మూడు రాత్రులు, లెంతువా ఒడ్డున,
నేనూ నా గుడారమూ, అంతే.

పోస్టాఫీసులో ఇరవై రెండేళ్లు ముద్రలు కొట్టిన చెయ్యి నాది.
దానికి గొడ్డలి సంగతేం తెలుసు?
నేరుగా మెరిసేదాని దగ్గరికే పోయింది:
నల్లటి పూత, నారింజరంగు పిడి,
తొడుగు మీద నోరు తెరిచిన ఎలుగుబంటి.

"అది ఎలుగుబంట్లు కొనుక్కోవడానికి"
అంది పక్క బల్ల వెనక ముసలామె, తలెత్తకుండానే.

సైమి ఆమె పేరు. ఒళ్లో కంబళి.
బల్ల మీద ఏడు గొడ్డళ్లు,
అప్పుడే వలలోంచి తీసి పరిచినట్టు.

"ఒక కన్ను మూసుకో.
వాదర మీంచి కామ కొసదాకా చూపు పోనీ.
ఎక్కడా తట్టుకోకూడదు.
గొడ్డలికి మెల్లకన్నుంటే
దెబ్బ నీ మోకాలి కేసే చూస్తుంది."

"మరి పదును?"

"పదును రేపు పెట్టుకోవచ్చు.
తిన్నదనం పెట్టుకోలేం."

కామ అడుగు తిప్పి చూపించింది.
చెక్కలోని చారలు వాదర వైపే పరుగెత్తాలట.
అడ్డం తిరిగితే విరుగుతుందట,
చలిలో, ఎప్పుడూ చలిలోనే,
అదీ పొద్దుగూకాక.

తర్వాత ఒక్కొక్క ఇనుమునీ కుడిచేతి గోటితో మీటింది.
ఒకటి దగ్గింది. ఒకటి గొణిగింది.
"దీన్ని మా మరిది చేశాడు, తాగి.
ఇది కంచె గుంజలకి.
ఇది చూడ్డానికి."
గోటితో పోయేదానికి గొడ్డలెందుకంటారు.
ఆమె గొడ్డళ్లనే గోటితో తేల్చేసింది.

ఏడోది మోగింది.
చిన్నగా, చాలాసేపు.

నా మోచేతి పక్కన పెడితే సరిగ్గా మూరెడు.
ఇనుము నల్లగా, సుత్తి దెబ్బల గుర్తులింకా పోకుండా.
పట్టుకున్నాను.
బర్చ్ కామ మీద వేళ్లు అరగదీసిన పల్లాలు,
నా వేళ్లకి ఒక్కటీ అందలేదు.
ఎవరో ఎదురుగా నిలబడి
నా చెయ్యి పట్టుకున్నట్టుంది.

"ఎడమచేతి వాడిదా?"

"ఎడమచేతి దానిది."

అప్పుడు చూశాను, కంబళి కింద
లోపలికి ముడుచుకుపోయిన ఆ రెండో చెయ్యి.

ముప్ఫై అయిదు యూరోలు బల్ల మీద పెట్టాను.
పది వెనక్కి తోసింది.
"ఇనుమే నీది. కామ ఇవ్వను."
చీల తీయడానికి రెండు చేతులు కావాలి.
నేను బిగించి పట్టుకున్నాను, తను సుత్తి ఎత్తింది.
నాలుగు దెబ్బలు. మొదటిది నా బొటనవేలికి.
క్షమాపణ చెప్పలేదు.

"కామని ఏం చేస్తారు?"
"పొయ్యిలో పెడతా. బర్చ్ బాగా మండుతుంది."
అంటూనే దాన్ని కంబళి కిందికి తీసుకుంది.

బస్సు కోసం నిలబడి
ఇనుము ఖాళీ కన్నులోంచి చూశాను:
ఒక ముక్క సరస్సు, ఒక పడవ వెనక సగం.

జూన్ అలాగే పోయింది.
నేను చెక్కిన మొదటి కామ లావయింది.
రెండోదాంట్లో కణుపు.
మూడోది బాగానే కుదిరిందనుకున్నాను,
మా మెట్ల మీదే విరిగింది. చారలు అడ్డం.
ఆమె చెప్పింది, నేను విన్నాను,
నా కత్తి వినలేదు.

ఆగస్టులో వెళ్లాను, నాలుగోదానితో.
వాన తడిపిన కట్టెలు. బెరడు ఒలిచి,
లోపలి పొడి చేవ దాకా చీల్చాను.
మంట రాజుకునేసరికి టీ తాగే కోరిక చచ్చిపోయింది.
అరచేతిలో రెండు బొబ్బలు,
ఒకటి పగిలి.
కామ మీద మాత్రం ఇంకా ఏ గుర్తూ లేదు.

నిద్రపోయే ముందు
గోటితో ఒకసారి మీటాను.
అవతలి ఒడ్డున ఏదో పిట్ట
మాట ఆపి వింది.