పసుపు గూట్లో ప్లగ్గు

ఆ కార్తీకం అప్పు నా మెడ మీద కూర్చుంది.
వలకి ఒక అప్పు, ఇంజనుకి ఒక అప్పు,
ఆ రెంటికీ వడ్డీ కట్టడానికి మూడో అప్పు.
పోర్టులో మూడో నంబరు ఎగరేశారని
మైకు కట్టిన ఆటో ఒకటి
పెదజాలరిపేట సందులన్నీ తిరిగి చెప్పింది.
డాల్ఫిన్ నోస్ కొండ అప్పటికే కనపడ్డం లేదు,
ఎవరో తడిగుడ్డతో పలక తుడిచేసినట్టు.

వినలేదని కాదు. విన్నాను.
విని, కొబ్బరికాయ కొన్నాను.

ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుని గంగమ్మతల్లితో
బేరం లాంటి ప్రార్థన చేశాను:
"నిజంగా ఉంటే నన్ను ఒడ్డుకి తే.
తెస్తే నమ్ముతాను."
కాయ సరిగ్గా రెండు చెక్కలైంది.
అదే జవాబనుకున్నాను.
వంకరగా పగిలినా ఇంకోటి కొనేవాణ్ణి,
ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

తెల్లారగట్ల మూడింటికి బోటుని నీళ్ళలోకి తోసి
ఇంజను తాడు లాగాను. దగ్గు కూడా లేదు.
ముప్పైసార్లు లాగాను, నలభైసార్లు,
అరచేతులు బొబ్బలెక్కేదాకా.
పక్కనే వాసుపల్లి ఎల్లాజీ ఇంజను
ఒక్క గుంజుకే పలికింది.
"తల్లికి నీమీద మనసు నేదురా పోలిగా!"
నవ్వుతూ కెరటం ఎక్కి చీకట్లో కలిసిపోయాడు.
నేను తడి ఇసకలో కూలబడి
తల్లిని తిట్టాను.
ఆ మాటలు ఇక్కడ రాయను.

మధ్యాహ్నానికి గాలి లేచింది.
బీచ్ రోడ్డు మీద బజ్జీల బళ్ళ రేకులు
కాగితాల్లా ఎగిరాయి.
నానిపోయి ఇంటికొస్తే మేనత్త మసేనమ్మ
పొయ్యి ముందు ఎండు నెత్తళ్ళు వేపుతోంది.
దేవుడి గూట్లో, పసుపు ముద్దకీ ప్రమిదకీ నడుమ,
బొట్టు పెట్టించుకుని కూర్చుంది
నా ఇంజను ప్లగ్గు.

"ఏటత్తా ఇది?"

"తల్లి సెయ్యి అడిగేవు గదరా. ఇదిగో."
చెయ్యి చాపింది.
నలభయ్యేళ్ళు చేపలు కోసిన చెయ్యి,
గోళ్ళ సందుల్లో నల్లగా గ్రీజు.
"తల్లి దిగొచ్చి ఇంజను ఇప్పుద్దేటి?
రాత్రి నన్ను లేపింది.
మీ మావ పానా ఇన్నాళ్ళకి పనికొచ్చింది."
మావ వదిలి వెళ్ళింది ఆ పానా ఒక్కటే.
ఆయన ఏ నంబరు జెండా రోజున వెళ్ళాడో
ఆ ఇంట్లో ఎవరూ అడగరు.

రెండో రోజు సాయంత్రం
ఎల్లాజీ తిరిగొచ్చాడు.
బోటు నిండా వంజరాలు.
బజార్లో చేప లేదు, ధర మూడింతలు.
వాడి అప్పు తీరింది.
నా అప్పు నన్ను చూసి కన్నుకొట్టింది.
అత్త మీద ఇంటి కప్పు లేచేలా అరిచాను:
"సూసేవా? ఆడికి లేని బయం నాకెందుకు పెట్టేవు?"

అత్త నిప్పులు చిదిమి, మెల్లగా అంది:
"ఒడ్డెక్కేడు, మంచిదే.
రెండ్రాత్రులు ఆడి పెళ్ళాం సంద్రం ముందు కూకుంది,
దాని కళ్ళు సూసి రా ముందు.
తల్లి ఓర్సుకుందిరా.
ఓర్సుకోడం ఒప్పుకోడం కాదు."

ఎల్లాజీ మునిగిపోలేదు.
ఇప్పటికీ ఉన్నాడు, మొన్న కూడా టీ తాగాం.
మీరు ఎదురుచూసే ముగింపు నా దగ్గర లేదు.
నా అప్పు తీరడానికి మరో నాలుగేళ్ళు పట్టింది,
అత్త మాట అర్థమవడానికి ఇంకా ఎక్కువ.

ఇప్పుడు ముందు జెండా చూస్తాను,
రేడియో వింటాను, కిరసనాయిలు కొలుస్తాను,
ఆఖర్న కాయ కొడతాను.
అది ఎలా పగిలిందో వంగి చూడను.
అరిగిపోయిన ఆ ప్లగ్గు ఇంకా గూట్లోనే ఉంది.
అత్త లేదు. బొట్టు నేనే పెడతాను.

సాయంత్రాలు నా చిన్నది
నా భుజాలెక్కి కెరటాలు చూస్తుంది.
నాన్న పడేస్తాడో లేదో తేల్చుకుందామని
ఎప్పుడూ చేతులు వదిలెయ్యదు.
రెండు పిడికిళ్ళతో నా జుత్తు పట్టుకుంటుంది,
కళ్ళంట నీళ్ళొచ్చేంత గట్టిగా.