మళ్లీ నాగలి బిగించిన రోజు

నిన్ననే విప్పాం నాగలిని.
సిర్కా గ్రీజు తుడిచింది, నేను బోల్టులు డబ్బాలో పోశాను,
దాని చోట గుండ్రటి చీపురు తగిలించి
చలికాలమంతా మేమే చల్లిన కంకర
మేమే ఊడ్చుకున్నాం, తుయిరా వంతెన దాకా.
దుమ్ము లేచింది. ఐస్‌క్రీం కొట్టు రెక్క ఎత్తారు.
మేకుల టైర్లు మార్పించుకోవడానికి
గరాజు ముందు కార్లు బారులు తీరాయి.

ఇవాళ మూడున్నరకి ఫోను.
"కిటికీలోంచి చూశావా?"
చూడక్కర్లేకపోయింది.
ఔలు ఊరు చప్పుడు చెయ్యడం లేదు.
మంచు పడ్డ రాత్రికి చెవులే ఉంటాయి,
అన్నీ వింటుంది, ఏదీ తిరిగి చెప్పదు.

ఏప్రిల్ ఇరవై ఎనిమిది.
వెళ్లినట్టే వెళ్లి గుమ్మంలోంచి తిరిగొచ్చే చలికి
మా భాషలో ఒక పేరుంది, తకతాల్వి.
గొడుగు మరిచిపోయిన చుట్టంలా వస్తుంది,
కూర్చోదు, బూట్లు విప్పదు,
నేలంతా తడి చేసి పోతుంది.

చీపురు విప్పాం. నాగలి బిగించాం.
పొలం దున్నేదానికీ మంచు తోసేదానికీ
మాకు ఒకటే మాట.
మా తాత మొదటిది నడిపాడు, నేను రెండోది.
ఆయన వెనక ఏదో ఒకటి మొలిచేది.

షెడ్డు తలుపు లోపలివైపు
పెన్సిలుతో తారీఖులు ఉంటాయి,
నాగలి మొదట దిగిన రోజు, ఆఖర్న ఎక్కిన రోజు.
ఉర్పో మొదలుపెట్టాడు, నేను పుట్టకముందు.
అతని రాతలో అక్టోబరు, మళ్లీ అక్టోబరు,
చదివేవాడికి విసుగు పుట్టేంత అక్టోబరు.
నా రాతలో నవంబరు, తర్వాత డిసెంబరు,
ఒక ఏడు ఉత్త గీత,
పక్కన సిర్కా రాసింది: వాన.

జనవరిలో వానంటే ఏమిటో మీకెలా చెప్పను!
మంచు మీద పడి రాత్రికి బిగుసుకుంటుంది,
పొద్దునకి వీధికి వీధే పింగాణీ కంచం.
పెద్దవాళ్లు బూట్లకి ముళ్లు తగిలించుకుని
డెబ్భయ్యో ఏట నడక నేర్చుకుంటారు.
దాన్ని నాగలి తోయలేదు.
కంకర చల్లుతాం, మునుగుతుంది, మళ్లీ చల్లుతాం.
సముద్రం మీంచి దీవికి పోయే మంచుదారి
ఈ ఏడూ తెరవలేదు.
బోర్డు తీయడం మరిచారు,
దాని బాణం నీళ్లవైపు చూపిస్తూ నిలబడింది.

ఆరింటికి మలుపులో ఒక పిల్ల.
పైజామా మీద కోటు, చంకలో స్కీలు.
పండక్కి కొన్నవి కాబోలు, ధర చీటీ ఇంకా ఊడలేదు.
చెయ్యెత్తింది, ఆగమని.
ఇక్కడ తోయొద్దని.

నాకు రాసిచ్చిన పని ఉంది.
ఏడులోపల బస్సులు కదలాలి, సైకిళ్లు కదలాలి,
మేకులు వదిలించుకున్న కార్లు
ఏ గోడ మీదికి జారతాయో తెలీదు.
అద్దం దించాను.
"ఎనిమిదికల్లా కరిగిపోతుందమ్మా" అన్నాను.
"అందుకే" అంది.

బస్సు దారి తోశాను, సైకిలు దారి తోశాను,
పార్కు పక్క వాలు దగ్గర మాత్రం
నాగలి జానెడు పైకెత్తి పోనిచ్చాను.
ఫిర్యాదొస్తే హైడ్రాలిక్ గొట్టం మీదికి నెట్టొచ్చు,
దానికి నోరు లేదు.

ఎనిమిదికి కరగలేదు. తొమ్మిదిన్నర దాకా నిలిచింది.
తర్వాత చూరులన్నీ ఒక్కసారే మాట్లాడ్డం మొదలెట్టాయి.

షెడ్డుకొచ్చి పెన్సిలు తీశాను.
నిన్నటి తారీఖు కొట్టేసి ఇవాళ్టిది వేయబోతుంటే
కాఫీ ఊదుకుంటూ సిర్కా అంది,
"మరీ అదిమి రాయకు.
మే నెల ఇంకా మొదలవలేదు."