పదకొండో నంబరు

నీ గొంతు ఎలా ఉంటుందో నాకు తెలీదు.
నీ ఎడమ భుజం మాత్రం
నా చేతిరాత తెలిసినంతగా తెలుసు.
కుడికి దూసుకెళ్ళే ముందు
అది రవ్వంత కిందికి వాలుతుంది,
తలుపు తెరుచుకునే ముందు గడియ కదిలినట్టు.
పద్దెనిమిదిసార్లు చూశాను, పదహారుసార్లు వాలింది.
మిగతా రెండుసార్లూ నువ్వు అలిసిపోయి ఉన్నావు.

గురువారం రాత్రి. లాండ్రీ పక్కన నా గది.
గోడకవతల డ్రయర్‌లో మావాళ్ళ జెర్సీలు
దబదబా దొర్లుతున్నాయి.
కిటికీ బయట నార్త్ డకోటా అంతా ఒకటే తెలుపు.
పార్కింగులో నా కారు ఏ దిబ్బ కింద ఉందో
పొద్దున్నే పార పట్టుకుని తేల్చుకోవాలి.
శనివారం మీ ఊరికి ఆరుగంటల బస్సు.

మా హెడ్ కోచ్ హాల్వర్సన్ ఒక్క పేజీ దాటితే చదవడు.
కుర్రాళ్ళు ఆ పేజీలో సగమే చదువుతారు.
రోస్టరులో నీ పేరు టోబాయస్ రింగ్‌డాల్,
ఆరడుగుల రెండంగుళాలు, రెండో సంవత్సరం.
అంత మనిషినీ మూడు వాక్యాల్లోకి కుదించాలి.

మీ పొడుగాటి సెంటర్ ప్రూయిట్ తేలికే.
చేతికి బంతి చిక్కితే లోకాన్ని మరిచిపోతాడు,
ఇద్దరు మీదపడితే కంగారు. అయిపోయింది, ఒక వాక్యం.
మీ జోన్ డిఫెన్స్ చూడ్డానికి కోటగోడే,
కుడిమూల మాత్రం పిల్లి దూరేంత కంత.
మా ఆట్‌వుడ్ అక్కణ్ణుంచి కళ్ళు మూసుకుని వేస్తాడు,
నిజంగానే మూసుకుంటాడేమోనని నా అనుమానం.

నువ్వే కొరుకుడుపడవు.

ఫ్రీ త్రో గీత దగ్గర నిన్ను ఆపి, వెనక్కి తిప్పి,
మళ్ళీ ఆడిస్తున్నాను.
డిసెంబరులో బంతిని రెండుసార్లు నేలకి కొట్టేవాడివి.
పెదవులు ఏదో ఒక మాట అనేవి.
వల కదిలేది, అంతే.
ఈ వీడియోకి శబ్దం లేదు. ఆ మాటేమిటో
ఎన్నిసార్లు చూసినా అంతుపట్టలేదు.
ఫిబ్రవరిలో నాలుగుసార్లు కొడుతున్నావు.
పెదవులు కదలడం లేదు.
పదింట ఆరే పడుతున్నాయి.

ఈ మధ్యలో ఏమైందని
జనవరి ఆటలన్నీ తిరగేశాను.
కెమెరా ఓ పక్కకి ఒరిగినప్పుడల్లా
మీ బెంచీ వెనక మూడో వరసలో ఓ ఆకుపచ్చ కోటు.
నువ్వు గీత దగ్గరికి రాగానే లేచి నిలబడేది.
ముఖం ఎప్పుడూ ఫ్రేములోకి రాలేదు.
నెల మూడోవారం తర్వాత
ఆ కుర్చీలో ఎవరిదో పాప్‌కార్న్ డబ్బా.

కారు చెడిపోయి ఉండొచ్చు.
రాత్రి షిఫ్టు పడి ఉండొచ్చు.
మంచుకి దారి మూసేసి ఉండొచ్చు,
ఇక్కడ సగం దారులు అంతే.
ఊహించడం నా పని కాదు. లెక్క నా పని.
దానికి ఏడాదికి ముప్పై ఒక్క వేల డాలర్లూ, ఓ టోపీ ఇస్తారు.

రాశాను:
ఎడమ భుజం కనిపెట్టండి. కుడి దారి మూసేయండి.
ఆఖరి రెండు నిమిషాల్లో ఫౌల్ చేసి
గీత దగ్గరికి పంపండి.
అక్కడ ఒంటరిగా ఉంటాడు.

చివరి వాక్యం కొట్టేశాను.
హాల్వర్సన్‌కి అది అనవసరం.
ప్రింటర్ వేడివేడిగా పదిహేను కాపీలు కక్కింది.

మీ కాలేజీలోనూ ఈపాటికి ఎవడో
చల్లారిన కాఫీ ముందు కూర్చుని
మా ఆట్‌వుడ్‌ని వెనక్కి తిప్పుతూనే ఉంటాడు.
అతని తెరలో, బెంచీ చివర,
గోళ్ళు కొరుక్కుంటూ నేనూ కనిపిస్తానేమో.

శనివారం, ఆటకి నలభై నిమిషాల ముందు,
వార్మప్‌లో ఓ బంతి తప్పించుకుని
నా బూటు దగ్గరికొచ్చి ఆగింది.
దాని వెనకే నువ్వు.
రోస్టరు చెప్పినదానికన్నా పొట్టి. గడ్డం మీద మొటిమ.
బంతి అందించాను.
"థాంక్యూ సర్" అన్నావు.
సన్నటి గొంతు, కొంచెం జలుబు.

నా చూపు అలవాటుగా నీ భుజం మీదికి పోయింది,
తర్వాత మూడో వరసకి.
జనం ఇంకా వస్తూనే ఉన్నారు,
గుమ్మం దగ్గర బూట్ల మంచు దులుపుకుంటూ.