ఆవిడ నోరు, నా చెవి

బరంపురం నుంచి సముద్రం వైపు పోయే రోడ్డులో యూనివర్సిటీ.
అందులో పాత జిరాక్సు గది.
సున్నం వేసి
విద్యార్థి సహాయ కేంద్రం అని బోర్డు పెట్టేరు.
తాళం నా దగ్గరుంటుంది.
ఫ్యాను ఒకటి, తిరిగినంతసేపూ హోరు.
బాగుచెయ్యమని మూడు అర్జీలు పెట్టేం.

మేడమ్ గురువారం గురువారం వస్తుంది.
కటకం మనిషి, మెత్తగా మాట్లాడుతుంది.
ఆవిడకి తెలుగు ముక్క రాదు.
నాకు అక్షరమ్ముక్క రాదు.
ఒడియా మాత్రం బజారుకి సరిపడా వచ్చు,
వంకాయల ధరా, బస్సు వేళా, ఒంట్లో ఎలా ఉందనీ.

గోడకి ఆకుపచ్చ డబ్బా.
పేరు రాయక్కర్లేదు, కష్టం రాసి వెయ్యండన్నారు.
మెస్సులో పప్పు నీళ్లలా ఉందనీ
స్కాలర్‌షిప్పు బ్యాంకులో ఆగిపోయిందనీ వేసేవారు.
ఒకడైతే ఐస్‌క్రీం పుల్ల వేసేడు.

శ్రావణంలో, ముసురు పట్టిన పూట,
నాలుగు మడతల నోటుబుక్కు కాగితం.
మేడమ్ చూసింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది.
అక్షరాలన్నీ మావే మౌసీ,
మాటే ఎవరిదో తెలీదు, అంది.
పిచ్చిరాతలేమోనని పక్కన పెట్టబోతూ
ఊరికే పైకి చదివింది:

రా... త్రి... ని... ద్ర... ప... ట్ట... దు

నా చేతిలో చీపురు ఆగిపోయింది.

మళ్లీ చదవండమ్మా, అన్నాను.
గుట్టుగా ఉంచాల్సినవి, నీకు వినిపించకూడదు కదా, అంది.
మీరొక్కరూ చదివితే గుట్టు మీకూ తెలీదు కదమ్మా, అన్నాను.
కాసేపు ఇద్దరం ఊరుకున్నాం.
లేచి తలుపు దగ్గరికి వేసొచ్చేను.

ఆవిడ తప్పు చోట విరుస్తూ, ఒత్తులు మింగుతూ
కూడబలుక్కుంటూంటే
రేవులో పిల్లాడి గొంతు వచ్చింది ఆ నోట్లోంచి.
మాట అమ్మ ఇచ్చింది, అక్షరం మాష్టారిచ్చేడు,
రెండూ ఎదురుపడ్డది ఈ కాగితం మీదే కాబోలు.

హాస్టల్లో కెరటం వినబడదట.
పుట్టినకాడ్నుంచీ ఆ హోరులోనే పడుకున్నాడట.
చప్పుడు లేకపోతే
పడవ తిరిగి రానట్టు భయమట.
క్లాసులో నోలియా అని పిలుస్తారట, పేరు అడగరట.
రోజుకి రెండుసార్లు సబ్బు రుద్దుకుంటున్నాడట.
బెంగగా ఉందట.
చివరన, గీత కింద:
ఇది ఎవరికీ అర్థం కాదు. అందుకే రాసేను.

మేడమ్ కోసం ఒడియాలోకి మార్చబోయేను.
నిద్ర సులువే. సబ్బు సులువే.
బెంగ దగ్గర ఆగిపోయేను,
బజారులో ఎప్పుడూ కొనలేదా మాట.
గుండె మీద చెయ్యేసుకుని
ఇక్కడ ఊరు ఖాళీ అయినట్టమ్మా, అన్నాను.
ఆవిడ రాసుకోలేదు. పెన్ను మూసేసింది.

జవాబూ అలాగే.
నేను చెప్పేను, ఆవిడ తన అక్షరాల్లో పెట్టింది:
చదివేం నాయనా. గురువారం మూడింటికి రా. ఇద్దరం ఉంటాం.
ర్యాగింగు ఫిర్యాదుల నెంబరుకీ
బస్సు పాసు గడువు తేదీకీ మధ్య అంటించేం.
పోయే పిల్లలు పైకి చదువుకుని
ఇదేం మంత్రంరా అని నవ్వేరు.

రెండు గురువారాలు ఎవరూ రాలేదు.
మూడోది చవితి సెలవు.

నాలుగో వారం కరెంటు మేస్త్రీ నిచ్చెనతో దిగేడు,
అర్జీ ఇప్పటికి అందిందట.
అప్పుడే బోర్డు దగ్గర ఒకడు.
పెదాలు కదిలేయి. నవ్వలేదు.
చెప్పులు విడిచి గుమ్మంలో నిలబడి
తలెత్తి
పైన తిరుగుతున్న హోరు వింటున్నాడు.

మేస్త్రీని పొమ్మన్నాను.
ఫ్యాను బాగానే ఉందని చెప్పేను.